మున్నూరు పిడులు

మధ్యాహ్నం రెండు గంటలకు సానరాళ్ళు తిప్పే మోటారు వేడెక్కి కమురు వాసన కొట్టింది. ఆపమని ఎవరూ అనలేదు. గోవిందమ్మ సానరాయి ముందు గొంతుక్కూర్చుని ఆ రోజుకు ఇరవై ఒకటో పిడిని రాతికి ఆనించింది. రబ్బరు కీచుమని నల్లటి పొడి చిమ్మింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మీద, కనురెప్పల మీద, చెమట కారే మెడ మీద ఆ పొడి పడి అతుక్కుంది. తుడిస్తే పోదు. కడిగితే పోదు. ఆమె మొగుడు జనార్దనం చచ్చిపోయే ముందు రోజు దగ్గితే పడింది కూడా ఈ నలుపే.

పక్క రాతి ముందు కూర్చున్న అమ్మణి ఆమె మొహం చూసి నవ్వింది.

"యక్కా, ఇప్పుడు కాకి వచ్చి నీ పక్కన వాలిందంటే, మా పెద్దమ్మే అని పలకరిస్తాది."

"పలకరించనీ. కాకికి మొదలాళి లేడు. దాంతో చుట్టరికం మంచిదే."

"ఆమా, అవునులే. బోణీ అయిందా కాలేదా అని చూడకుండా యాడికంటే ఆడికి పోతాది."

అనేసి అమ్మణి నాలుక కరుచుకుంది. గోవిందమ్మ రాతి మీది పొడి దులిపింది. పిడిని తిప్పి రెండో వైపు ఆనించింది.

పట్టడలో మొదటి కత్తి అమ్ముడుపోయేదాకా గోవిందమ్మ లోపలికి రాకూడదు. విధవ ఎదురైతే బోణీ కాదు. అందుకని పొద్దున్నే వచ్చి సందు మొగలో నిలబడుతుంది. ఒక్కో రోజు పదింటికి గానీ బోణీ కాదు. నిలబడిన పొద్దుకు కూలి లేదు.

చూలై పేటలో ఒక సందు చివర ఉన్న పెంకుల కొట్టం అది. మొదలాళి, అంటే యజమాని, పేరు మీద ఆదికేశవులు కత్తుల పట్టడ అంటారు. పిడి లేని అలుగులు కమ్మరి చేసి పంపుతాడు. ఇక్కడ వాటికి రబ్బరు పిడులు వేస్తారు. కొయ్యపిడి తడిస్తే జారుతుంది, రబ్బరు పట్టు వదలదు. అందుకని చేపలు కోసేవాళ్ళు, తోళ్ళు గీసేవాళ్ళు రబ్బరు పిడే అడుగుతారు. పాత లారీ టైర్లను నీళ్ళు చల్లుతూ బెత్తెడు ముక్కలుగా కోస్తారు. ముక్కకు కాల్చిన చువ్వతో బెజ్జం వేస్తారు. అలుగు వెనుక సన్నగా సాగిన ఇనుమును తోక అంటారు. ఆ తోకను కుంపట్లో కాల్చి, బెజ్జంలో పెట్టి, సుత్తితో దించుతారు. అది పిడి వెయ్యడం. దానికి అణా కూలి. వేసిన పిడిని పిడికిలికి అమరేటట్టు రాతి మీద అరగదియ్యడం రెండో పని. దానికి అర్ధణా. మొదటిది మగవాళ్ళది. రెండోది ఆడవాళ్ళది.

పిడి వెయ్యడమంటే కత్తికి కాపురం పెట్టడమని ఆదికేశవులు తండ్రి అనేవాడట. ముత్తయిదువ అయినా సరే, ఆడది ఆ పని చెయ్యకూడదు. ఇక విధవ దించిన పిడి పట్టినవాడి వేలు తెగుతుందని ఆ సందులో పసిపిల్లకు కూడా తెలుసు. ఏ శాస్త్రంలో ఉందో ఎవరూ అడగలేదు. యాభై ఏళ్ళ కిందట, కొయ్యపిడుల రోజుల్లో, కరువు దెబ్బకు ఊళ్ళు వదిలి వచ్చిన ఆడవాళ్ళు సగం కూలికే పిడులు వేస్తామన్నారు. పని పోతుందని భయపడ్డ మగకూలీలు ఈ మాట ఎత్తారు. ముసలి యజమాని దాన్ని రెండు చేతులా అందుకుని, అరగదీసే పనిని సగం కూలికి ఆడవాళ్ళకు కట్టబెట్టాడు. అందరికీ లాభించింది. అరగదీసేవాళ్ళకు తప్ప.

జనార్దనం ఈ పట్టడలో ఇరవై ఏళ్ళు పిడులు వేశాడు. ఆఖరి మూడేళ్ళు వెయ్యలేదు. రబ్బరు పొగ తగిలితే ఊపిరాడేది కాదు. అలుగులు గోనెలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. గోవిందమ్మ పెరట్లో కూర్చుని వేసేది. అతను లోపల చాప మీద పడుకుని ఎట్లా వెయ్యాలో చెప్పేవాడు. కొన్నాళ్ళకు చెప్పవలసిన అవసరం పోయింది. జనార్దనం హస్తవాసి గొప్పదని చూలై అంతా అనుకున్నది ఆ మూడేళ్ళలోనే. అతను కాదనలేదు.

పోయిన ఆషాఢంలో అతను పోయాడు. కర్మలయిన మర్నాడు తమ్ముడు చిన్నస్వామి వచ్చాడు. అతనూ పట్టడలో పిడులు వేసేవాడే. అన్న పోతే వదినకు దిక్కెవరు, నేనున్నానన్నాడు. అప్పటినుంచి గోనె అతను తెస్తాడు, అతనే తీసుకుపోతాడు. పిడికి అణా అతని పేరున వస్తుంది. అందులో అర్ధణా వదినకు ఇస్తాడు. దిక్కు అంటే ఆ అర్ధణా. పగలు అరగదీసి తెచ్చుకున్నది, సాయంత్రం దొంగతనంగా పిడులు వేసి సంపాదించినది కలిపితే ఆమెకు రూపాయిన్నర దాటదు. పడి బియ్యం పన్నెండణాలు.

ఆదికేశవులుకు ఈ సంగతి తెలియదా? ఒక మనిషి రోజుకు యాభై పిడులు వెయ్యలేడని పిడులు వేయించేవాడికి తెలియకుండా ఉండదు. తెలుసు. అడగలేదు. అడిగితే తెలిసినట్టవుతుంది.

ఈ ఏడు చేపల మార్కెట్టు కోతగాళ్ళ సంఘం మున్నూరు కత్తులు అడిగింది. కత్తి రూపాయి నాలుగణాలు. ఇంత బేరం పట్టడ పుట్టిన తరువాత తగల్లేదు. నూరు కత్తులు పది రోజుల కిందటే పోయాయి. మిగతా ఇన్నూరు శనివారానికి కావాలి. ఇవాళ బుధవారం.

"గోవిందమ్మా, ముందుకు రా."

ఆదికేశవులు గొంతు. అమ్మణి రాతి మీదనుంచి కత్తి తీసేసింది. పగటిపూట, వాకిలి తెరిచి ఉన్నప్పుడు, గోవిందమ్మను ముందు గదిలోకి ఎవరూ ఎప్పుడూ పిలవలేదు.

"ఏంది యక్కా, కూలి పెంచుతాడా?"

"పెంచేవాడు పేరు పెట్టి పిలవడు. పనిబడినవాడే పిలుస్తాడు" అని గోవిందమ్మ కొంగు దులుపుకుని లేచింది.

ముందు గదిలో ఆదికేశవులు బల్ల వెనుక కూర్చుని ఉన్నాడు. నుదుట తిరునామం, చేతిలో వెండి పొడుం డబ్బా. కుంపటి దగ్గర చిన్నస్వామి గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో సుత్తి ఉంది గానీ కొట్టడం లేదు. బల్ల మీద ఒక కత్తి ఉంది. అలుగు ఒక పక్క, పిడి ఒక పక్క.

"చూడు" అన్నాడు ఆదికేశవులు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచే మనిషి కాడు.

గోవిందమ్మ అలుగు అందుకుని తోక చూసింది.

పోయిన ఏడాదిదాకా తోక మూడు వేళ్ళ పొడుగు ఉండేది. పిడికి అడ్డంగా ఒక మేకు దిగి తోకను పట్టుకునేది. ఇనుము ధర పెరిగిందని ఆదికేశవులు ఈసారి తోకను బొటనవేలి వెడల్పంతే చేయించాడు. మేకుకు చోటు లేకపోయింది గనుక మేకు ఖర్చు కూడా మిగిలింది. అంత పొట్టి తోకను గోవిందమ్మ ఉన్నది ఉన్నట్టు దించేది కాదు. ఆకురాయితో రెండు అంచులకూ నాలుగేసి పళ్ళు కోసేది. కాలిన తోక దిగేటప్పుడు కరిగిన రబ్బరు ఆ పళ్ళలో నిండి గట్టిపడుతుంది. ఆ తరువాత ఎద్దును కట్టి లాగినా రాదు. ఈ పని ఎవరూ చెప్పింది కాదు. దీనికి కూలి లేదు. అడుగుదామంటే ఆమె పేరున పనే లేదు.

ఈ తోకకు పళ్ళు లేవు. నున్నగా ఉంది. గోవిందమ్మ పిడి తీసుకుని బెజ్జంలో వేలు పెట్టింది. తెల్లటి జిగట అంటింది. వాసన చూసింది. బట్టల సబ్బు.

తొందరలో ఉన్నవాడు బెజ్జానికి సబ్బు రాస్తాడు. తోకను కాల్చక్కర లేదు, కొట్టక్కర లేదు, నొక్కితే దిగుతుంది. ఆరిన తరువాత గట్టిగానే ఉన్నట్టుంటుంది. తడి తగిలిననాడు వచ్చిన దారినే పోతుంది. వద్దని ఆమె చిన్నస్వామికి రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు అతని వైపు చూసింది. అతను కుంపట్లోకి చూస్తున్నాడు.

"ఎవరికి తగిలింది?"

"ఆరోగ్యసామికి. కోతగాళ్ళలో పెద్ద చెయ్యి. మొన్న వంజరం చేప కోస్తాంటే పిడి చేతిలో ఉండిపోయింది, అలుగు తిరిగింది. రెండు వేళ్ళు." ఆదికేశవులు పొడుం పీల్చాడు. "కుడి చెయ్యి."

గోవిందమ్మ పిడిని బల్ల మీద పెట్టింది.

"రేపు పొద్దున్నే నలుగురు వస్తారు. పిడి ఎవరు వేసినారని అడుగుతారు. నువ్వు వేసినానని చెప్పు."

"నేను వెయ్యలే."

"వేసినావని నేను అనలే. చెప్పమంటాండా."

చిన్నస్వామి సుత్తిని ఒక చేతిలోనుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"కడుపు కాలి, మొదలాళికి తెలీకుండా ఒక్క కత్తికి చెయ్యి పెట్టినానని చెప్పు. ఒక్కదానికే. వాళ్ళు తిడతారు, నేనూ తిడతా. ఐదు నిమిషాలు. గుమ్మడికాయ కొట్టి కర్పూరం వెలిగిస్తా. మిగతావాటికి దోషం లేదని వాళ్ళ దారిన వాళ్ళు పోతారు. శనివారం సరుకు పోతాది."

"తోక పొట్టిదని చెప్పచ్చుగదా."

ఆదికేశవులు పిల్లకు లెక్క చెప్పేవాడిలాగా నిదానంగా చెప్పాడు.

"తోక పొట్టిదంటే మున్నూరూ పొట్టివే. నీ చెయ్యంటే ఒకటే."

గోవిందమ్మ వేలికంటిన సబ్బును కొంగుకు తుడుచుకుంది.

"నీకు పోయేదేముంది చెప్పు? మొగుడే పోయినాడు. ఈ నెలనించి అరగదీతకి ముక్కాలణా ఇస్తా. ఉన్నన్నాళ్ళు ఆ రాయి నీది. కాదంటావా, ఈ చూలైలో ఇంకో పట్టడ నీకు తలుపు తీస్తాదేమో పోయి చూసుకో."

"సుమ్మా ఊరికే ఒక మాటే గదా అంటాండారు. ఆ మాట చెప్పినాక నా చేతికి కత్తి ఎవరిస్తారు?"

"ఇప్పుడెవరిస్తాండారు?" అన్నాడు ఆదికేశవులు.

నిజమే. ఎవరూ ఇవ్వడం లేదు. ఆమె మళ్ళీ వెనక్కి వచ్చి రాతి ముందు కూర్చుంది. అమ్మణి అడిగినదానికి తల ఊపింది. చీకటి పడకముందే ఇంకో పదకొండు పిడులు అరగదీసింది. చేతులకు పని తెలుసు, వాటికి మిగతా సంగతులు అక్కరలేదు.

*

ఇంటికి వచ్చి మొహం కడుక్కుంటుంటే చిన్నస్వామి వచ్చాడు. పెరటి వాకిట్లో నిలబడ్డాడు. భుజాన గోనె ఉంది.

"గోనె కూడా తెచ్చినావే. సిగ్గు ఇంటికాడ పెట్టి వచ్చినావా?"

"శనివారానికి కావాల గదా వదినా. నేనొక్కణ్ణి యాడ వెయ్యగలను?"

"ఎందుకు వెయ్యలేవు? సబ్బు ఉండాదిగా."

అతను గోనె దించి గడప మీద కూలబడ్డాడు. ముప్పై ఐదేళ్ళు ఉంటాయి. అన్నకు పట్టిన దగ్గు అతనికీ మొదలైంది, ఇంకా పైపైనే ఉంది.

"ఆ పొద్దు నువ్వు జొరంతో పడి ఉండావు. ముప్పై మిగిలిపోయినాయి. మొదలాళి బండి పిలిచేసినాడు, బండివాడు ఎద్దుల్ని కట్టేసి సందులో అరస్తాండాడు. ఇంకేం చేసేది? రాసినా."

"ముప్పైకీ రాసినావా?"

"ఆమా."

గోవిందమ్మ చేతిలో చెంబు అట్లాగే పట్టుకుంది.

"అంటే ఇరవైతొమ్మిది ఇంకా మార్కెట్లో ఉండాయి."

చిన్నస్వామి తల వంచుకున్నాడు.

"మొదలాళికి తెలుసా?"

"చెప్పినా వదినా. సత్తెంగా చెప్పినా. వెనక్కి తెప్పిద్దాం సామీ అంటే, తెప్పిస్తే ఎందుకని అడుగుతారు అన్నాడు. ఊడితే ఊడినప్పుడు చూస్తాం అన్నాడు."

"ఊడినప్పుడు ఎవరి పేరు చెప్తాడంట? ప్రతిదానికీ నేనే పోయి నిలబడాల్నా? నాకు ఎంతమంది మొగుళ్ళు చచ్చినారని చెప్తాడు?"

"అరవబాకు వదినా, గోడ అవతల జనం."

"నువ్వు ఈడ కూర్చుని ఉంటే అరవకుండా పాట పాడాల్నా?"

అతను చేతులు జోడించాడు. నలుగురు పిల్లలన్నాడు. తన పేరు బయటికొస్తే కోతగాళ్ళు కీళ్ళు విరగ్గొడతారన్నాడు. పట్టడలో చోటు పోతుందన్నాడు. ఆఖరికి అసలు మాట చెప్పాడు.

"నా చోటు పోతే నీకు గోనె ఎవరు తెస్తారు వదినా? అది కూడా ఆలోచించు. అన్న ఉంటే..."

"మీ అన్న ఉంటే నేను వేసినవాటికి ఆయన పేరు చెప్పించుకునుండేవాడు. ఆయన సంగతి నాకు చెప్పబాకు."

చిన్నస్వామి లేచాడు. "చెప్తావు గదా?" అని అడిగాడు.

"గోనె ఆడ పెట్టి పో."

చెప్తుందని అనుకుని పోయాడు. నమ్మాలనుకున్నవాడికి గోనె పెట్టమనడమే చాలు.

వెలుతురు ఉన్నంతసేపు ఆమె పిడులు వేసింది. తోక తీసుకోవడం, పళ్ళు కొయ్యడం, కాల్చడం, దించడం. పన్నెండు వేసింది. వేసినదాన్ని గోడ సందులో ఇరికించి రెండు చేతులా లాగి చూసింది. ఒక్కటీ కదల్లేదు. ఈ పన్నెండింటిలో ఒక్కటి ఊడినా, తప్పు నాదేనని ఒప్పుకోవడం ఎంత తేలికో అనుకుంది. బాగా వెయ్యడమే ఆమెకు ఎవరి ముందూ ఒప్పుకోలేని నేరమైంది.

చెప్తే రాయి ఉంటుంది, ముక్కాలణా ఉంటుంది. పిడి వేసే చెయ్యి మాత్రం చచ్చిపోతుంది. గోవిందమ్మ చెయ్యి పడితే వేళ్ళు తెగుతాయని సాక్ష్యం పుడుతుంది. ఇన్నాళ్ళూ మాటే ఉండేది, రేపటినుంచి ఆరోగ్యసామి రెండు వేళ్ళు ఉంటాయి. చెప్పకపోతే రేపే అన్నీ పోతాయి. ఇది నాది కాదని రుజువు చెయ్యాలంటే, నావి ఎట్లా ఉంటాయో చూపించాలి. నావి ఉన్నాయని చెప్పడమే చాలు, ఆమెను సందు దాటించడానికి.

ఏ వైపు తిరిగినా గోడే. ఆమె పొయ్యి కూడా వెలిగించకుండా పడుకుంది.

*

పొద్దున ఏడు గంటలకే అమ్మణి పరుగున వచ్చి, సందు మొగలో నిలబడ్డ గోవిందమ్మను లోపలికి రమ్మంది. "బోణీ కాలేదుగా" అన్నది గోవిందమ్మ.

"ఈ పొద్దు పరవాలేదంట. మొదలాళే చెప్పినాడు."

ముందు గదిలో నలుగురు కోతగాళ్ళు నిలబడి ఉన్నారు. బట్టలకు చేపల వాసన, నడుము బెల్టులో కత్తులు. అందరికన్నా ముందున్నవాడు ఆరోగ్యసామి. మెడలో సిలువ, కుడి చెయ్యి మణికట్టుదాకా గుడ్డ చుట్టుకుని ఉంది. గుడ్డ ఒక పక్క లోపలికి పోయి ఉంది, అక్కడ వేళ్ళు ఉండాలి. అతని వెనుక విభూతి పెట్టుకున్న ముసలాయన కృష్ణస్వామి, సంఘం పెద్ద. మిగతా ఇద్దరూ పడుచువాళ్ళు.

"ఇదో ఈమే" అన్నాడు ఆదికేశవులు. "మా జనార్దనం భార్య. దిక్కులేనిదని చేరదీసినా. నా కళ్ళు కప్పి ఇంత పని చేస్తాదని నాకేం తెలుసు? అడగండి మీరే."

కృష్ణస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆరోగ్యసామి వెయ్యలేదు. అతనికి వెయ్యాలని తోచినట్టు కూడా లేదు.

"ఏమ్మా" అన్నాడు అరవం కలిసిన తెలుగులో. "నువ్వా వేసింది?"

అతను కోపంగా అడగలేదు. అలిసిపోయి అడిగాడు. ఎవరో ఒకరు అవునంటే ఇంటికిపోయి పడుకునేటట్టున్నాడు. గోవిందమ్మ అతని చెయ్యి చూసింది. తరువాత వెనుక ఉన్న ముగ్గురి చేతులూ చూసింది. ముప్పై వేళ్ళూ ఉన్నాయి.

"ఇది నాది కాదు" అన్నది.

చిన్నస్వామి కుంపటి దగ్గర ఒక్కసారి దగ్గాడు.

"భయపడబాకు గోవిందమ్మా" అన్నాడు ఆదికేశవులు. "జరిగింది చెప్పు."

"జరిగిందే చెప్తాండా. ఈ ఊడింది నాది కాదు. మీకొచ్చిన నూరులో డెబ్బై నావి. ఇంటికాడ నేను వేసినా. మీ నడుముల్లో ఉండేవి తీసి లాగి చూడండి."

పడుచువాళ్ళలో పొట్టివాడు కత్తి తీసి, వేళాకోళానికన్నట్టు పిడి పట్టుకుని తిప్పాడు. నీళ్ళలో నానిన పిడి కిచుక్కుమని జారింది. అలుగు ఒక చేతిలో, పిడి ఒక చేతిలో పట్టుకుని నోరు తెరిచాడు. బెజ్జంలోనుంచి తెల్లటి నురగ కారింది.

"అది కూడా నాది కాదు. సబ్బు పెట్టి వేసింది. ఇట్టాంటివి ఇంకా ఇరవైఎనిమిది ఉండాయి. ఇప్పుడే పోయి మార్కెట్లో ఏరి పారెయ్యండి. తోక పొట్టి చేసినారు, మేకు తీసేసినారు. నేను వేసినవాటికి పళ్ళు కోసినా, అందుకని నిలబడినాయి."

రెండో పడుచువాడు తన కత్తి తీసి లాగాడు. రాలేదు. కృష్ణస్వామి కత్తి అతనే లాక్కుని గడపకు అడ్డం పెట్టి లాగాడు. రాలేదు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని లాగారు. పిడి సాగి, మళ్ళీ తన చోటికి పోయింది. కత్తిని ముసలాయన చేతికి ఇచ్చారు.

కృష్ణస్వామి ఆ కత్తిని చూసుకున్నాడు. పది రోజులుగా దానితో కోస్తున్నాడు. ఆ పిడి అప్పటికే అతని పిడికిలికి అలవాటు పడింది.

"ఇది నీ చేతిదా?"

"ఆమా."

"పొద్దున్నే మొదటి చేప దీంతో కోస్తాండానే. ఇంట్లో కోడలు నెలలు నిండి ఉండాది." ముసలాయన కత్తిని నేల మీదికి విసిరేశాడు.

ఊడని పిడి నేల మీద పడింది. ఊడిన పిడిని పొట్టివాడు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. దాన్ని పారెయ్యాలని అతనికి తోచలేదు.

ఆదికేశవులుకు కావలసిన దారి దొరికింది.

"విన్నారు గదా సామీ! ఒకటనుకున్నా నేను, డెబ్బైకి చెయ్యి పెట్టిందంట! నూరూ వెనక్కి తీసుకుంటా. మగవాళ్ళతో వేయించి ఇస్తా. తోక మాట, సబ్బు మాట నమ్మబాకండి, పట్టుబడిన మనిషి ఏమైనా అంటాది. నువ్వు పో, ఇంక ఈ గడప తొక్కబాకు."

"మొదలాళీ, కొంచెం ఇరు, ఆగు" అన్నాడు ఆరోగ్యసామి. "నా వేళ్ళు పోయింది ఈమె కత్తితో కాదు గదా. మరి అది ఎవరిది?"

చిన్నస్వామి చేతిలో సుత్తి ఉంది, కుంపట్లో నిప్పు ఉంది, పక్కన నేల మీద సబ్బు ముక్క ఉంది. అడిగినవాడు తల తిప్పితే చాలు. ఆరోగ్యసామి తల తిప్పాడు. చిన్నస్వామి లేచి నిలబడి, పీట మీదనుంచి పక్కకు జరిగాడు.

ఆ పీట ఖాళీ అయింది.

గోవిందమ్మ వాకిలి వైపు పోలేదు. వెనుక రాతి వైపూ పోలేదు. నాలుగడుగులు వేసి ఆ పీట మీద కూర్చుంది. సబ్బు ముక్కను తీసి కుంపట్లో పడేసింది. ముందున్న కుప్పలోనుంచి ఒక అలుగు తీసుకుని, తోక వెలుతురుకు పెట్టి చూసి, ఆకురాయి అందుకుంది.

"ఏందిది?" అన్నాడు ఆదికేశవులు.

"నూరూ మళ్ళీ వెయ్యాలంటిరి గదా. వేస్తాండా. అందరూ చూస్తాండగా ఈడనే కూర్చుని వేస్తా. పిడికి అణా. నా చేతికే ఇయ్యాల."

"లెయ్ ఆడినించి!"

మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. వెనుక మోటారు ఆగిపోయింది. అమ్మణి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. గోవిందమ్మ తోకకు మొదటి పన్ను కోసింది. ఇనుము రజను ఆమె ఒళ్ళో పడింది.

"చిన్నస్వామీ, లేపు దాన్ని."

చిన్నస్వామి ఆమె దాకా వచ్చాడు. చెయ్యి ముందుకు చాచాడు. ఆ చెయ్యి భుజం దాకా పోలేదు. వెనక్కీ రాలేదు. వదిన తల ఎత్తి అతన్ని చూడలేదు, రెండో పన్ను కోస్తున్నది.

"లేపరా!"

"మీరు లేపుకోండి మొదలాళీ" అన్నాడు చిన్నస్వామి. ఎవరికీ సరిగా వినపడలేదు. అతనికే వినపడింది, భయపడ్డాడు.

ఆరోగ్యసామి వంగి, నేల మీద పడి ఉన్న కత్తిని ఎడమ చేత్తో తియ్యబోయాడు. ఆ చేతికి ఇంకా కత్తి పని తెలియదు. ఒకసారి జారింది. రెండోసారి దొరికింది. దాన్ని కృష్ణస్వామికి ఇవ్వలేదు. తన నడుముకు పెట్టుకోనూ లేదు. పిడి మీద పిడికిలి బిగించి, అది జారడం లేదని చూసుకుని, పీట మీద కూర్చున్న మనిషిని చూస్తూ అట్లాగే నిలబడ్డాడు.